ఎర్రగుడ్డ కట్టిన కొమ్మలు

మా వంటింట్లో భోజనాల బల్లకు పైన ఒక ఫొటో ఉండేది. నల్లటి మంచులో పేరుకున్న తెల్లటి గాలిబుడగలు, వాటిని ఒరుసుకుంటూ సన్నగా పారే కరుగునీళ్లు. తీసింది సైమి, నా మొగుడు తౌనోకి మొదటి పెళ్లాం. అలాంటి మంచుకోసమే ఒక ఏప్రిల్‌లో, గడ్డకట్టిన సరస్సు కరుగుతుండగా దానిమీదికి వెళ్లి మునిగిపోయింది. కెమెరా దొరికింది. మనిషి దొరకలేదు.

బతికున్న సవతితో అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. గోడమీది సవతితో ఏం చేస్తాం? ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చేపల సూప్ తింటూ తలెత్తి దాన్నే చూసేవాళ్లు. "సైమి చెయ్యే చెయ్యి!" అనేవాళ్లు. నేనూ మంచు ఫొటోలే తీస్తాను. నావి క్యాలెండర్లలో వచ్చాయి. వాటిని మా అత్తగారు మార్తా పొయ్యి పక్కన తగిలించింది, పొగ పట్టడానికి.

ఆవేళ కాఫీ తాగుతూ అనేశాను. "ఆ ఫొటో దించుతావా, నన్నే వెళ్లిపొమ్మంటావా?"

తౌనో రై రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. "దానికంటే మంచిది తీసుకురా హెల్కా. నా చేత్తో నేనే దించుతా."

"మాట తప్పవుగా?"

"అమ్మ సాక్షి."

అత్తగారు మూతి తిప్పింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందిట!"

నాకు ఒళ్లు మండిపోయింది. కెమెరా భుజాన వేసుకున్నాను.

"గట్టుమీంచే తీసుకో," తౌనో వెనకనుంచి అరిచాడు. "కొమ్మలన్నీ పొద్దున్నే పీకేశాను."

చలికాలమంతా మేము సరస్సు అవతలి ఒడ్డుకి మంచుమీదుగానే వెళ్తాం. దారి తెలియడానికి ఫర్ చెట్టు కొమ్మలు పాతుతాం. ఊరివైపున్న రెమ్మకి ఎర్రగుడ్డ కడతాం. మంచుతుఫానులో చిక్కుకున్నవాడు కూడా గుడ్డ ఎటుంటే అటు నడిస్తే ఇల్లు చేరతాడు. వసంతంలో మంచు కుళ్లగానే కొమ్మలు పీకేస్తాం. కొమ్మ లేనిచోట మా ఊళ్లో ఎవరూ అడుగుపెట్టరు. కొమ్మ ఉన్నచోట ఎవరూ అనుమానించరు.

గట్టున పీకేసిన కొమ్మల కుప్ప ఉంది. సందె వెలుగు నీలంగా మారుతోంది. అంచున కరుగుతున్న మంచు సన్నటి పుల్లలుగా విడిపోయి, మట్టిగాజుల్లా చప్పుడు చేస్తోంది. దాని కింద ఎక్కడో నీళ్లు గుటకలు వేస్తున్నాయి. కుళ్లిన రెల్లు వాసన. బురదలో మోకాళ్లమీద కూచుని చాలా తీశాను. అన్నీ సైమి ఫొటోకి చెల్లెళ్లలాగే ఉన్నాయి. ఏడుపొచ్చింది.

తలెత్తితే, మంచుమీద ఒక కొమ్మ కనిపించింది. పచ్చగా, నిటారుగా. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. ఈ మతిమరుపు మనిషి కొన్ని వదిలేశాడనుకున్నాను. కొమ్మ ఉందంటే దారి ఉన్నట్టే కదా! వెళ్లాను.

మూడో కొమ్మ దగ్గర నల్లటి మంచు. లోపల బుడగలు ముత్యాల సరాల్లా నిలువుగా ఉన్నాయి. పైన కరుగునీళ్లు ఆకాశాన్ని మోసుకుంటూ పారుతున్నాయి. ఇదీ ఫొటో అంటే! బోర్లా పడుకుని క్లిక్‌మనిపించాను.

కింద నుంచి... టక్.

మళ్లీ నొక్కాను. మళ్లీ టక్. మంచు చప్పుడేలే అనుకున్నాను. చెయ్యి తీసేశాను.

టక్... టక్...

తడి ఉన్ని వాసన వేసింది. చుట్టూ ఎవరూ లేరు. అప్పుడు చూశాను కొమ్మని. ఎర్రగుడ్డ ఊరివైపు లేదు. అటువైపుంది. సరస్సు నడిమికి. మూడు కొమ్మలకీ అటే... అక్కడ ఇల్లెవరికి?

చెవి పక్కనే, మంచు లోపలినుంచి, ఆడగొంతు గుసగుసలాడింది.

"తౌనో ఏడీ?"

ప్రాణం పోతున్నా బుద్ధి పోదు కదా. భయంతో పళ్లు కొట్టుకుంటుంటే కూడా నా నోట వచ్చిన మాట ఒక్కటే.

"వాడు నా మొగుడు."

నా కింద మంచు కుంగింది. నడుము దాకా నీళ్లు. సరస్సుకి వెళ్లినప్పుడల్లా మెడలో వేసుకునే ఇనుప మంచుమేకులు లాక్కుని, గుచ్చి, పాకి, ఎలా ఒడ్డున పడ్డానో నాకే తెలియదు. కెమెరా మాత్రం వదల్లేదు.

తౌనో నన్ను దుప్పట్లో చుట్టి, తిట్టి, వేడి కాఫీ తాగించాడు. తర్వాత ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, గోడమీది సైమిని దించేశాడు. గెలిచాను! అత్తగారి మొహం చూస్తే నవ్వొచ్చింది.

తెల్లవారి చెయ్యి చాపితే పక్క చల్లగా ఉంది.

తౌనో మెట్లమీద నిలబడి ఉన్నాడు, ఒట్టికాళ్లతో. మెట్ల దగ్గర్నుంచి సరస్సు దాకా కొమ్మలు. గుడ్డలన్నీ అటువైపే.

"లోపలికి రావయ్యా."

"ఇంటికెళ్లాలి హెల్కా," అన్నాడు నెమ్మదిగా. "ఆలస్యమైంది."

బలమంతా పెట్టి లోపలికి లాక్కొచ్చాను. నా చేతులతో నేనే సైమి ఫొటో మళ్లీ మేకుకి తగిలించాను. నా కడుపు మంట నాకే తెలుసు. తౌనో దాన్ని చూసి కళ్లు నులుముకుని, "కాఫీ ఉందా?" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

మంచంతా కరిగిపోయింది. సరస్సు నిండా నీళ్లే. కొమ్మలు మాత్రం నీళ్లమీద నిటారుగా నిలబడే ఉన్నాయి. గాలికి గుడ్డలు కూడా కదలవు.

ఈ పొద్దున కిటికీ తెరిచి చూశాను. గుడ్డలన్నీ ఇటు తిరిగాయి. మా ఇంటివైపు.

అత్తగారు బల్లమీద కాఫీ కప్పులు సర్దుతోంది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నాలుగు పెట్టింది.