పదకొండో చిల్లు

క్లైడ్‌కు నేడీన్ తిట్లతోనే పరిచయమైంది. ఒహాయోలోని ఆ చిన్న ఊరి పిస్టల్ క్లబ్బులో, ఎవరిదో పాత టార్గెట్ పిస్టల్ చూస్తూ అతను తూటా లేకుండానే ట్రిగ్గర్ నొక్కాడు. అలా నొక్కితే లోపలి సూది గొట్టం అంచును కొట్టి పాడుచేస్తుందని ఆ మాత్రం తెలియదా అని ఆమె అందరి ముందూ కడిగిపారేసింది. పాపం, ఆ రోజు నుంచి క్లైడ్ మనసు అతని దగ్గర లేదు.

చలికాలమంతా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి కాల్చారు. ఇద్దరి కన్నూ క్లబ్బు నడిపే ఆర్విల్ తాత పిస్టల్ మీదే. పొడుగాటి గొట్టం, అరచేతి చెమటకు నున్నబడ్డ కొయ్య పిడి. చెయ్యి వణుకుతోందని కాల్చడం మానేసిన తాత, ఆ చలికాలం చివరి పోటీ గెలిచినవాళ్లకు దాన్ని ఇచ్చేస్తానన్నాడు. క్లైడ్ అల్మారా నిండా పాత పిస్టళ్లే గాని, అలాంటిది ఒక్కటీ లేదు. ఏళ్లుగా దాని కోసమే కలలు కంటున్నాడు.

పోటీ రోజు రేకుల మీద సన్నగా వాన. చివరి తూటా ముందు క్లైడ్ పక్కకు చూశాడు. నేడీన్ మెల్లగా ఊపిరి వదులుతోంది. చెంప మీద ఒక వెంట్రుక ఊగుతోంది. అదే మైకంలో అతను ముందుకు తిరిగి కాల్చేశాడు.

తీరా చూస్తే నేడీన్ గురి అట్ట మీద పదికి బదులు పదకొండు చిల్లులు. ఎక్కువైన చిల్లు ఎవరిదో తేలకపోతే అన్నిటికంటే మంచి దెబ్బను లెక్కలోంచి కొట్టేయడం రూలు. అలా కొట్టేస్తే గెలుపు క్లైడ్‌దే. అతని అట్ట మీద ఒకటి తగ్గినా, రెండు తూటాలు ఒకే చిల్లులోంచి పోయాయనుకున్నాడు తాత.

నేడీన్ మొహం వాడిపోయింది. అది చూసి క్లైడ్ తట్టుకోలేకపోయాడు.

"తాతా, అంచున ఉన్న ఆ ఆరు పాయింట్ల చిల్లు నాది. పక్క అట్ట మీద కాల్చాను."

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా?"

"నేడీన్ మీద."

దాచి ఏం లాభం, ఆ పిల్లంటే అతనికి ప్రాణం. ఆ ఆరు తీసేస్తే గెలుపు నేడీన్‌దే. తాత నవ్వాపుకుంటూ పిస్టల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిన్నగా క్లైడ్ దగ్గరకొచ్చింది.

"నన్ను చూస్తూ కాలిస్తే ఆరేనా వచ్చేది? మరీ అంత తక్కువదాన్నా?"

క్లైడ్ తన పిస్టల్ పెట్టెలో సర్దుకోబోతే ఆమె అడ్డు నిలిచింది.

"ఆదివారం భోజనానికి రా. పక్కనే ఒకడు కాల్చడం మానేసి నన్నే చూస్తుంటాడని మా అమ్మకు ఎప్పుడో చెప్పేశాను."

"చూస్తున్నానని నీకెలా తెలుసు?"

"నేనూ చూస్తున్నాను కాబట్టి."