కాలదోషం

ఉదయం తొమ్మిదిన్నర దాటింది. కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి చేతిలో స్కూలు చొక్కా ఉందన్నమాటే గానీ, చెవులు మాత్రం ఫోను మీదే ఉన్నాయి. మంగళవారం కదా! పదింటికి ఆ అబ్బాయి ఫోన్ చేస్తాడు. ఈలోగా కూతురు ఆఫీసుకు కదిలితే బాగుండునని ఆవిడ ఆరాటం.

ఆ పిల్ల కదిలితేగా! లాయరు దగ్గర టైపిస్టు. ఇవాళెందుకో ఆలస్యంగా వెళ్తానంటూ కాలెండరు ముందు నిలబడింది.

"అమ్మా, ఇంకో పదకొండు రోజులే!"

"ఏమిటే పదకొండు రోజులు?"

కూతురు తటపటాయించింది. పోయిన కొడుకు ఊసెత్తితే తల్లి మంచమెక్కుతుందని, మూడేళ్ళుగా ఆ ఇంట్లో అతని మాటే లేదు.

"అన్నయ్య చదువు అప్పమ్మా. వాడు ఆఖరి వాయిదా కట్టి మూడేళ్ళు నిండితే కాలదోషం పడుతుంది. హామీ సంతకం పెట్టావని నిన్ను కోర్టుకీడ్చలేరు. ఇల్లు మనకి దక్కినట్టే. ఈలోగా ఒక్క పైసా కట్టామో, మొదటికే మోసం. మళ్ళీ మూడేళ్ళు. అందుకే ఆ వసూలు వాళ్ళ ఫోన్లు ఎత్తొద్దని మొత్తుకున్నాను."

మిషను ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తల్లి లేచేలోగా కూతురే అందుకుని స్పీకరు నొక్కింది.

"నమస్తే అమ్మగారూ! అబ్బాయి గారికి జలుబు తగ్గిందా? పోయిన నెల మీరు కట్టింది అందింది. ఈ నెల కూడా..."

కూతురు ఠక్కున ఫోను పెట్టేసింది.

"ఎవరికమ్మా జలుబు? ఏం కట్టావు?"

"నాలుగు చొక్కాల కుట్టుకూలి."

"అయ్యో అయ్యో! మూడేళ్ళు ఊపిరి బిగబట్టాను కదమ్మా! ఇల్లు పోతే ఎక్కడుంటాం? ఎందుకు చేశావీ పని?"

"నాకేం తెలుసే? ఎత్తొద్దన్నావు గానీ, ఎందుకో చెప్పావా?" అంది తల్లి. "ఏమీ కట్టకపోతే ఫైలు మూసేస్తాం, ఇక ఫోన్ చెయ్యం అన్నాడు. ఈ లోకంలో వాడి పేరు ఇంటిపేరుతో సహా పిలిచి, ఉన్నాడా అని అడిగేది అతనొక్కడేనే!"

బ్యాంకు ఆ అప్పును వసూలు కంపెనీకి అమ్మినప్పుడు చావు కబురు కాగితాల్లోకి ఎక్కలేదు. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు 'స్నానం చేస్తున్నాడు' అనేసింది ఆవిడ. ఆ తర్వాత డ్యూటీకి పంపింది, ఊరికి పంపింది. జలుబు చేసి పడుకున్నాడని చెప్పిన రోజు, ఖాళీ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చింది. సాయంత్రం దాకా ఆ గుమ్మం ముందు అడుగు మెత్తగా వేసింది కూడా. అదంతా తల్లి నోట వింటూ కూతురు కూలబడిపోయింది. చెయ్యెత్తి కొడదామన్నంత కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఫోను మళ్ళీ మోగింది.

"ఇటివ్వు," అంది తల్లి. ఫోను అందుకుంది. "బాబూ, మావాడు లేడు. పోయి మూడేళ్ళు కావస్తోంది."

"మరి జలుబన్నారు కదమ్మా?" అన్నాడు అవతలి అబ్బాయి.

"అబద్ధం చెప్పాను నాయనా."

"పోయారనే రాసుకుంటానమ్మా," అన్నాడతను చిన్నగా. "ఇక వారి పేరుతో ఫోన్ రాదు. ఏదొచ్చినా మీ పేరు మీదే వస్తుంది."

ఆవిడ ఫోను పెట్టేసి, మూడేళ్ళలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. కూతురు వచ్చి నేలమీద కూర్చుని తల్లి మోకాళ్ళు చుట్టేసింది.

"అప్పు సంగతి లాయరు గారినడుగుదాం. తప్పదంటే ఇద్దరం కట్టుకుందాం. తప్పు నాదీ ఉందమ్మా. నువ్వు తట్టుకోలేవని నోరు కుట్టేసుకున్నాను. నాకు మాత్రం వాడు గుర్తు రాడా?"

"ఇంకెవరు పిలుస్తారే వాణ్ణి?"

కూతురు కళ్ళు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా అన్నయ్య పేరు పలికింది.

తల్లి కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి అను," అంది.