కింద లైటు ఊపితేనే దూకాలి

మూసేసిన ఆ ఈతకొలను వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలు కూడా అవసరం ఉంటేనే వెళతారు. ఆ అవసరం ఉన్నది ఒక్క పంపాయనకే. అక్కడ పంపు నడపడం ఆయన ఉద్యోగం మరి.

రాత్రి ఎనిమిదింటికి — ఎనిమిదంటే ఎనిమిదే, గడియారం సరిచేసుకోవచ్చు — డైవింగ్ టవర్ మీద ఒక ఆకారం నిలబడుతుందని చెప్పుకునేవాళ్ళు. ఒళ్ళంతా తెలుపు. తల మాత్రం ఉండదు. కాసేపటికి కొలను గట్టు మీద ఒక లైటు వెలుగుతుంది. అటూ... ఇటూ... ఊగుతుంది. ఆ వెంటనే పైనుంచి — ధబ్!

దూకింది మళ్ళీ పైకి తేలడం ఎవరూ చూడలేదు. అంతసేపు ఎవరూ ఆగలేదు కాబట్టి.

అక్కడ రెండు నెలలు కాపలా కాసిన వాచ్‌మన్ ఓ తెల్లవారుజామున విజిలూ లాఠీ పంపాయన చేతిలో పెట్టి, గుసగుసగా ఒక మాట చెప్పి వెళ్ళిపోయాడు.

"ఒకటి కాదన్నా... రెండున్నాయి. ఒకటి దూకుతుంది. ఒకటి చూపిస్తుంది."

పంపాయనకి ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ కొలను నడిచిన రోజుల్లో గోడ మీద ఒక బోర్డు ఉండేది. ఇప్పటికీ ఉంది. 'కింద లైటు ఊపిన తరువాతే దూకవలెను.' పదిమీటర్ల ఎత్తు నుంచి, వెలుగు తగ్గాక, నీళ్ళ మట్టం కంటికి ఆనదు. కింద ఎవరైనా ఈదుతున్నారో లేదో తెలియదు. అందుకని పాత కోచ్ గట్టు మీద నిలబడి, టార్చి నీళ్ళ మీదికి వేసి ఊపేవాడు. ఊపాడంటే — నీళ్ళున్నాయి, అడ్డం ఎవరూ లేరు, రా — అని. లైటు వెలిగినా ఊగకపోతే ఆగమని.

ఆ కోచ్ పోయి ఆరేళ్ళయింది. కొలనులోనే పోయాడని జనం అంటారు గానీ, పాపం, ఇంట్లో మంచం మీద జ్వరంతో పోయాడు. పంపాయన స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు కూడా.

పంపాయన భయస్తుడు. ఆ సంగతి ఆయనే ముందుగా చెప్పేస్తాడు, ఎదుటివాళ్ళకి శ్రమ లేకుండా. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ టవర్ మెట్లు మూడు దాటి ఎక్కలేదు. ఎనిమిది నెలల క్రితం మరమ్మతులని చెప్పి కొలను మూసేశారు. మరమ్మతులు మొదలయ్యేదాకా నీళ్ళు పాడవకుండా చూడమన్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి క్లోరిన్ కలిపి, ఫిల్టర్ నడిపి, సాయంత్రం అయిదు కొట్టేసరికి సైకిలు మీద ఉండేవాడు. ఎనిమిదింటికల్లా ఇంట్లో కిటికీలన్నీ మూసి కూర్చునేవాడు.

ఇంట్లో ఆయన భార్య, భార్య తల్లి, భార్య తమ్ముడు ఉంటారు. ఆ బావమరిది ధైర్యానికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా అతనే. విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకాడు, తాడు కట్టుకుని వంతెన మీంచి దూకాడు, ఇంకా దేన్నుంచి దూకాలా అని చూస్తుంటాడు. ఓ రాత్రి భోజనాల దగ్గర బావకి జ్ఞానబోధ చేశాడు.

"అడ్రినలిన్ బావా! గుండె గొంతులోకి వచ్చేస్తుంది. చేతులు వణుకుతాయి. కానీ లోకం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో! నీకు జన్మలో రాదులే."

"నాకు రోడ్డు దాటుతుంటే రోజూ వస్తోంది," అన్నాడు పంపాయన.

"నేను పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు పక్కింటికి వెళ్ళొస్తాను చూడు, అప్పుడొస్తుంది నాకు," అంది భార్య. ఆ పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో ఇంట్లో అందరికీ తెలుసు.

అత్తగారు గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ నెమ్మదిగా అడిగారు. "ఎంతసేపుంటుంది నాన్నా అది?"

"రెండు నిమిషాలమ్మా."

"రెండే," అని ఆవిడ తల ఊపారు. "హెల్మెట్టు మాత్రం పెట్టుకో."

అత్తగారిది మరీ జాగ్రత్త. ఆ ఇంట్లో ఎవరూ స్టూలు ఎక్కకూడదు. బల్బు మార్చాలంటే ఇద్దరు స్టూలు పట్టుకోవాలి, మూడోవాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూసుకోవాలి. చలిగాలి పడదని చెవుల్లో దూది పెట్టుకుని, సాయంత్రం ఏడున్నరకి వాకింగ్‌కి వెళ్ళి, ఎనిమిదిన్నరకి వచ్చి, చెమట పట్టిందని తలకి పోసుకుంటారు.

ఒకసారి టవర్ మీద ఏముందో వచ్చి చూడమని పంపాయన బావమరిదిని చాటుగా బతిమాలాడు.

"నాది సైన్సున్న సాహసం బావా," అన్నాడతను. "తాడుండాలి, డాక్టరుండాలి, వీడియో తీసేవాడుండాలి. దెయ్యం దగ్గర ఇవేవీ ఉండవు." ఆ మర్నాడే బాత్రూములో జారి మడమకి కట్టు కట్టించుకున్నాడు. వీడియో తీసేవాడు లేడు.

ఇలా ఉండగా ఆఫీసుకి ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. ఫైల్లో దెయ్యం అని రాయడానికి వీల్లేదు కాబట్టి 'రాత్రివేళ నీటి శబ్దం' అని రాశారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఫైలు చదివి, నీటి శబ్దానికి కారణం నీరు అని తేల్చి, నీళ్ళు తీసేయమని ఆర్డరు వేశాడు. పొద్దున ఆరింటికి ఆర్డరు చేతికొచ్చింది. పంపాయన వాల్వు తిప్పాడు. సాయంత్రానికి అడుగున నీలం పలకలు బయటపడ్డాయి. లైట్ల మెయిన్ కూడా తీసేసి, గేటుకి తాళం వేసి, ఖాళీ చేశానని ఆఫీసులో కాగితం ఇచ్చి ఇల్లు చేరేసరికి ఏడూ నలభై. ఇంట్లో ఆ కొలను మాట ఎత్తొద్దని భార్య ఏనాడో ఒట్టు పెట్టించుకుంది. అందుకని ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పులు విప్పుతుండగానే భార్య ఒక తువ్వాలు తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది.

"మళ్ళీ మా అమ్మ తువ్వాలుతో తుడుచుకున్నారా? ఎన్నిసార్లు చెప్పాలండీ? చూడండి, క్లోరిన్ కంపు!"

ఎనిమిది నెలలుగా ఆయన ఈ మాట పడుతూనే ఉన్నాడు. పరధ్యానంలో తుడుచుకున్నానేమోలే అని ఊరుకునేవాడు. ఈసారి మాత్రం వాసన చూసి ఆగిపోయాడు.

"ఇది ఎప్పుడు ఉతికావు?"

"నిన్న పొద్దున్నే."

నిన్న ఆయనకి వారపు సెలవు. రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. క్లోరిన్ డబ్బా ముఖం కూడా చూడలేదు.

మరి ఈ తువ్వాలు...?

వంటింటి తలుపు పక్కన మేకు వైపు చూశాడు. కొలను గేటు రెండో తాళంచెవి ఉండాల్సిన మేకు అది. ఖాళీగా ఉంది.

"అత్తయ్యగారు ఏరీ?"

"రోజూ వెళ్ళే వాకింగే. ఏంటండీ, ముఖం అలా అయిపోయిందేం?"

చెవుల్లో దూది... తలకి పోసుకోవడం... ఎనిమిది గంటలు... చేతులారా వాల్వు తిప్పింది తనే. చెప్పులు వేసుకోకుండానే సైకిలెక్కాడు.

సగం దారిలో గొలుసు ఊడింది. చీకట్లో తడుముకుంటూ ఎక్కించేసరికి చేతులు నల్లబడ్డాయి. ఫోనులో టైము చూశాడు. ఎనిమిదీ రెండు.

ఎనిమిదీ రెండు!

గేటు తెరిచే ఉంది. లోపల చిమ్మచీకటి. ఆయన చెవులు రిక్కించాడు. ఏ మూలుగైనా... ఏదైనా... ఏమీ లేదు. మెల్లగా తల పైకెత్తాడు.

టవర్ పైన — తెల్లటి ఒళ్ళు. తల లేదు.

దెయ్యాన్ని చూసి ప్రాణం లేచొచ్చినవాడు బహుశా ఆయనొక్కడే.

"అత్తయ్యగారూ!" అని అరిచాననుకున్నాడు. బయటికొచ్చింది గాలి మాత్రమే. రెండోసారి కాస్త గొంతు లేచింది. పైన కదలిక లేదు. దూది మరి.

ఫోను తీశాడు. లైటు వేసి ఊపితే చూస్తారు. వేలు బొత్తాం మీద పెట్టాడు... పెట్టి, ఆగిపోయాడు.

కింద లైటు ఊపితే — దూకమని.

ఫోను జేబులో కుక్కేశాడు. అప్పుడు గుర్తొచ్చింది వాచ్‌మన్ చెప్పిన రెండో ముక్క. ఒకటి చూపిస్తుంది. ఆ చూపించేది ఎవరో, ఏమిటో... అది గనక ఈ క్షణాన గట్టు మీద వెలిగిందంటే?

పంపాయన మెట్లెక్కాడు.

ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు దగ్గర కాళ్ళు మొరాయించాయి. కళ్ళు మూసుకుంటే గట్టు కనిపించదు, తెరిస్తే గట్టూ కనిపిస్తుంది, కింది లోతూ కనిపిస్తుంది. తెరిచే ఎక్కాడు. పది... ఇరవై... గాలి చొక్కాని లాగుతోంది. ముప్ఫై... గట్టు మీద ఇంకా చీకటే. నలభై... గుండె కొట్టుకోవడం ఆపి పరిగెత్తుతోంది. యాభై నాలుగు.

దూకే పలక చివర ఆవిడ నిలబడి ఉన్నారు. కాలివేళ్ళు అంచు దాటి ఉన్నాయి. తలకి నల్లటి రబ్బరు టోపీ, భుజాల చుట్టూ తెల్ల తువ్వాలు. భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడతారేమో. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పాకుతూ వెళ్ళి, వేలాడుతున్న తువ్వాలు కొస పట్టుకుని మెల్లగా... మెల్లగా... లాగాడు.

ఆవిడ వెనక్కి తిరిగారు. ఏమాత్రం ఉలిక్కిపడలేదు.

"లైటు వేయకుండా పైకొచ్చారేంటి బాబూ?"

"నీళ్ళు లేవు," అన్నాడు.

ఆవిడ చెవిలోంచి దూది తీశారు. "ఏంటి?"

"నీళ్ళు లేవండీ! పొద్దున్నే తీసేశాను."

ఆవిడ నమ్మనట్టు చూశారు. ఆవిడ చేయి పట్టి వెనక్కి లాగబోతే ఆయన నడుముకున్న తాళాల గుత్తి జారి, అంచు మీంచి పడింది.

చప్పుడు లేదు... ఇంకా లేదు... ఠంగ్!

పలకల మీద ఇనుము పడ్డ చప్పుడు నాలుగు గోడలకీ కొట్టుకుని పైకొచ్చింది. అత్తగారు ఆ అంచు దగ్గరే కూలబడిపోయారు. ఆయన రెండు చంకల కిందా చేతులు వేసి లోపలికి ఈడ్చాడు. ఇద్దరూ రెయిలింగుకి ఆనుకుని కూర్చున్నారు.

ఆవిడ రబ్బరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నారు. "ఒకరోజు మీరు క్యారేజీ మర్చిపోతే ఇవ్వడానికొచ్చాను. ఎవరూ లేరు. ఆ నీళ్ళు చూసి... మొదట కింది మెట్టు మీంచి దూకాను. ఈత చిన్నప్పుడే వచ్చు. అరవై రెండేళ్ళు అందరికీ జాగ్రత్తలు చెప్పాను బాబూ. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పని చోటు కావాలనిపించింది."

ఆయనకి కోపం రావాలి. రాలేదు. ఆవిడ బతికి ఉన్నందుకు ఏడుపొచ్చింది, చీకట్లో కాబట్టి మొహమాటపడకుండా ఏడ్చాడు. చేతులు చూసుకుంటే గడగడా వణుకుతున్నాయి. ఊరి చివరి లైట్లు ఒక్కొక్కటీ కడిగి పెట్టినట్టు కనిపిస్తున్నాయి.

"ఇదేనాండీ అది?"

"ఇదే."

"ఎంతసేపుంటుంది?"

"రెండు నిమిషాలు. వాడు చెప్పింది నిజమే."

రెండు నిమిషాలూ కూర్చున్నారు. లేవబోతూ అత్తగారు ఆయన మోచేయి పట్టుకున్నారు.

"మీకొక మాట ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకుంటున్నాను. ఎవరికీ చెప్పకుండా, నన్ను ఒక్క మాట అనకుండా, ఎనిమిది నెలలు రోజూ కింద నిలబడి నాకు లైటు పట్టారు. నా ధైర్యమంతా ఆ లైటే బాబూ. ఇవాళ ఎంత చూసినా అది వెలగలేదు. అందుకే ఆగాను. లేకపోతే ఎనిమిదింటికే..."

ఎనిమిదింటికి తను ఎక్కడ ఉంటాడో పంపాయనకి తెలుసు. కిటికీలన్నీ మూసుకుని ఉంటాడు.

నోరు తెరిచాడు. కింద యాభై నాలుగు మెట్లున్నాయి. పక్కన అరవై దాటిన మనిషి ఉన్నారు.

"అవునండీ, నేనే," అన్నాడు. "చూసుకుని దిగండి."

దిగారు. గేటు దగ్గర ఆవిడ దూది పెట్టుకుంటుంటే, పదకొండేళ్ళలో చీకటి పడ్డాక ఒక్కసారైనా అక్కడ ఆగని మనిషి ఆగాడు. ఖాళీ కొలను వైపు తిరిగి, చేతులు కట్టుకుని, చిన్నగా అన్నాడు.

"రేపే నింపేస్తానండీ."

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నారు అత్తగారు.

"పంపుతో."

ఆవిడ దగ్గరున్న తాళంచెవితో పంపాయన గేటు వేసి, లాగి చూసి, కమ్మీల మధ్య నుంచి ఒక్కసారి లోపలికి చూశాడు. కొలను అడుగున, టవర్‌కి సరిగ్గా కింద, ఆయన తాళాల గుత్తి మెరుస్తోంది. అవతలి గట్టు మీంచి దాని మీద ఒక లైటు పడుతోంది.

ఊగడం లేదు.