అమ్మ పాస్‌పోర్టు

బుధవారం పొద్దున్నే కాఫీ వడగడుతూ జుల్మీరా సావ్ లొంగీన్యోకి మొక్కుకుంది. పోయిన వస్తువుల్ని వెతికిపెట్టే పునీతుడాయన. ఆయనకి పెద్దగా ఆశల్లేవు, వస్తువు దొరికాక మూడు గెంతులు గెంతితే చాలు. అరవై ఏడేళ్ల మోకాళ్లకి మూడు గెంతులంటే మాటలా? కానీ రేపు పదింటికి వీసా ఆఫీసులో ఉండాలి, పాస్‌పోర్టు చూస్తే మూడు రోజులుగా కనబడటం లేదు.

బ్రెజిల్‌లోని బెలో హొరిజాంచి పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయి ఎనిమిదేళ్లయింది. పింఛను వస్తుంది, వీధివైపు గది బ్యూటీ పార్లరుకి ఇచ్చినందుకు అద్దె వస్తుంది. కూర్చుని తినడానికి నెలనెలా ఇంత వస్తుందని రుజువు చూపే పెద్దవాళ్లని పోర్చుగల్ తన దగ్గర ఉండనిస్తుంది. అది తెలిసిన రోజు నుంచి జుల్మీరా కాళ్లు నేలమీద లేవు. అక్కడి వియానా దో కాస్తెలో ఊళ్లో సముద్రం కనిపించే చిన్న వాటా ఒకటి ఏడాదికి మాట్లాడేసింది కూడా.

"బీరువా కింద చూశావా అమ్మా? నీకసలు జాగ్రత్తంటూ ఉంటే కదా!" అంటూ కూతురు రోజానె మంచాలు జరిపి మరీ వెతుకుతోంది. మేడ మీది వాటా ఆమెది. పేరుకి మేడ మీద కాపురం, తిండీతిప్పలూ అన్నీ కిందే. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, తను బ్యాంకుకి పోతుంది, తొమ్మిదేళ్ల కూతురు తాయ్‌నా బడి నుంచి రాగానే అమ్మమ్మ వంటింట్లో వాలుతుంది.

"నాలుగుసార్లు చూశానే."

"అయితే పోయినట్టే. కొత్తది తీసుకుని నిదానంగా వచ్చే ఏడాది వెళ్దువుగాని. సముద్రమేమైనా ఎండిపోతుందా?"

"నేను ఎండిపోతానే పిల్లా," అంది జుల్మీరా, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

రోజానె నవ్వలేదు. బ్యాంకుకి టైమవుతోందని వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో ఏ ఇంటి ఫ్రీజరు తెరిచినా ఐస్‌క్రీం డబ్బాలుంటాయి, వాటిలో ఐస్‌క్రీం మాత్రం ఉండదు. వారానికి సరిపడా ఉడకబెట్టిన బీన్సు ఉంటాయి. మధ్యాహ్నం వంటకని జుల్మీరా అడుగునున్న డబ్బా లాగింది. చేతికి తేలిగ్గా తగిలింది. మూత తీస్తే లోపల మూడు ప్లాస్టిక్ సంచులు చుట్టిన పాస్‌పోర్టు చల్లగా పడుంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎవరు దాచారో తట్టింది. ఈ ఇంట్లో ఆ డబ్బా ముట్టుకునేది తనూ కూతురూ ఇద్దరే. అయినా మొక్కు మొక్కే కదా! గట్టు పట్టుకుని ఒకటి గెంతింది, రెండు గెంతింది. మూడోది గెంతబోతుండగా భోజనానికొచ్చిన రోజానె గుమ్మంలో నిలబడిపోయింది.

డబ్బా చూసింది. అమ్మని చూసింది. మొహం పాలిపోయింది.

"మూడు సంచులెందుకే చుట్టావ్?" అని మాత్రం అడిగింది జుల్మీరా.

"తడుస్తుందేమోనని..."

"దాచేదానివి దాచావు, మళ్లీ తడవకూడదా?"

"నవ్వకమ్మా!" రోజానె గొంతు లేచింది. "ఎక్కడైనా పిల్లలు దేశాలు పోతారు. తల్లి పోవడం చూశావా? తాయ్‌నాని ఎవరు చూస్తారు? నాకు జ్వరమొస్తే ఎవరున్నారు? సముద్రమే కావాలంటే పక్క రాష్ట్రం ఎస్పిరితు శాంతు లేదూ? బస్సెక్కితే ఒక్క పగటి ప్రయాణం!"

"అక్కడుంటే శుక్రవారం శుక్రవారం మీరంతా దిగుతారు. నేను సముద్రానికి వీపు పెట్టి పొయ్యి దగ్గర నిలబడతాను."

"మేం అంత బరువైపోయామా?"

జుల్మీరా స్టవ్ ఆపి కుర్చీలో కూర్చుంది. "పదకొండేళ్లకి తమ్ముళ్లని ఎత్తుకున్నాను. తర్వాత రోగుల్ని, తర్వాత మీ నాన్నని. బరువని ఎప్పుడూ అనుకోలేదే. కానీ పొద్దున్నే లేచి, ఇవాళ నాకేం కావాలి అని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. అడిగితే ఏమంటానో వినాలనుంది."

రోజానె తల్లి కుర్చీ పక్కన చతికిలబడి ఏడ్చేసింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, బ్యాంకులో పది మందికి పని చెప్పే మనిషి, చిన్నపిల్లలా ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది.

"తాయ్‌నా కోసం కాదమ్మా. నాకే... నువ్వు లేకుండా ఎలా ఉండాలో తెలీదు. బీన్సు ఉడకబెట్టడం కూడా రాదు నాకు."

"రాదని తెలుసు. తప్పు నాదే, నేర్పలేదు." జుల్మీరా కూతురి తల ఒళ్లోకి లాక్కుంది. "ఎప్పటికైనా నేను లేకుండా ఉండక తప్పదు తల్లీ. మా అమ్మ పోయాకే నేను నేర్చుకున్నాను. ఉప్పెక్కువైతే అడగడానికి మనిషి లేదు. నువ్వు నేను ఉండగానే నేర్చుకో. ఏం తెలియకపోయినా ఫోన్ చేస్తే పలుకుతాను."

కళ్లు తుడుచుకున్నాక రోజానె అడిగింది, "నీకు భయం లేదా?"

"చచ్చేంత. అక్కడ నాకు కుక్కపిల్ల కూడా తెలీదు."

ఆ మధ్యాహ్నం రోజానె బ్యాంకుకి సెలవు పెట్టి కాగితాలన్నీ సర్దింది. పింఛను పత్రం, పార్లరు అద్దె ఒప్పందం, వియానా వాటా ఒప్పందం. ఒకటే తక్కువైంది. పోర్చుగల్‌లో ఎందుకు ఉండాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాసి సంతకం చేయాలి. జుల్మీరా నెల రోజులుగా ఆ కాగితం ముందేసుకుని తేదీ మాత్రమే వేసింది.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను," అంది రోజానె.

"నా గురించి నేనేం చెప్పుకుంటానే, సిగ్గు కాదూ?"

రోజానె ఇక అడగలేదు. తలొంచుకుని రాస్తూ పోయింది, మధ్యమధ్య మణికట్టుతో కళ్లొత్తుకుంటూ. అయ్యాక పైకి చదివింది.

"నా పేరు జుల్మీరా. ముప్పై నాలుగేళ్లు ఇతరుల ప్రాణాలు కాపాడాను. మిగిలిన రోజులు నాకోసం బతకాలని ఉంది. నా ఖర్చులు నేను పెట్టుకోగలను, ఎవరికీ భారం కాను. నన్ను పంపడం నా కూతురికి ఇష్టం లేదు. అయినా ఈ ఉత్తరం తనే రాస్తోంది."

జుల్మీరా కాగితం మీదికి వంగింది. "చివరి రెండు ముక్కలు వీసాకి అవసరమా?"

"కొట్టేయనా?"

జుల్మీరా కాగితం తన వైపు లాక్కుంది. ఆ చివరి వాక్యం మీద ఒకసారి వేలితో నిమిరి, దాని కిందే సంతకం పెట్టింది.

"ఉండనీ," అంది. "వాళ్లకి కూడా తెలియాలి, నేనొస్తున్నది ఎవరూ లేక కాదని."