పరగడుపు

గ్రహణం మొర్రి ఆపరేషన్ల క్యాంపులో అంజుమ్ చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు వార్డులోకి వెళ్లాలి. ఒక్కో మంచం దగ్గర ఆగి, తల్లిని లేపి, ఒక్క ప్రశ్న అడగాలి. "పిల్లకు రాత్రి నుంచి ఏమన్న పెట్టినవా?" తల్లి పెట్టలేదని చెప్తే చేతిలోని కాగితం మీద 'పరగడుపు' అని ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. తినిపించానని చెప్తే ఆ పిల్లకు ఆ రోజు ఆపరేషన్ ఉండదు.

దీనికి డాక్టరీ చదువు అక్కర్లేదు, మాట వస్తే చాలు. అంజుమ్‌కు నాలుగు భాషలు వచ్చు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, గద్వాలకు రాయచూరు దగ్గర కాబట్టి కన్నడం, నర్సింగు చదువు పుణ్యమా అని ఇంగ్లీషు. అందుకే పెద్దమందడి దారిలోని ఆ ట్రస్టు దవాఖానకు ఏటా డిసెంబరులో సముద్రాలు దాటి వచ్చే డాక్టర్లకు ఆమె లేకపోతే చేయి విరిగినట్టే. గద్వాలలో తాను పనిచేసే నర్సింగ్‌హోమ్‌కు సెలవు పెట్టి, జీతం భత్యం లేకుండా ఆరు రోజులు వాళ్ల వెంట తిరిగేది. వాళ్లిచ్చిన సర్టిఫికెట్టును తండ్రి ఖాజా మియా తన టైలరు దుకాణంలో పటం కట్టించాడు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముందు ఆ పటం చూడాలి, తర్వాతే టేపు బయటికి వచ్చేది.

అంజుమ్‌కు ఒక జబ్బుంది. ఎదుటి మనిషి ఏడిస్తే చూడలేకపోయేది. అందుకని మాటల్ని కొంచెం కొంచెం మార్చేది. డాక్టరు విసుక్కుంటే తల్లికి ముద్దుగా చెప్పేది. తల్లి తిట్టిపోస్తే డాక్టరుకు దీవెనగా చెప్పేది. పాము చావకుండా, కర్ర విరగకుండా. అందరూ మంచి పిల్ల అన్నారు. ఆ మంచితనమే పోయినేడు ఒక ప్రాణం తీసింది.

అది క్యాంపు ఆఖరి రోజు. లింగాల నుంచి వసంత అనే ఆమె తన మూడేళ్ల కూతురు కావ్యను తీసుకొచ్చింది. అంతకుముందు ఏడు కూడా వచ్చారు గానీ పిల్లకు జలుబని తిప్పి పంపారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగిందని ఊరంతా వసంతను ఆడిపోసుకున్నవాళ్లే. ఆ తెల్లవారుజామున అంజుమ్ అడిగితే ఆమె దాచలేదు.

"మా అత్త పెరుగుల చక్కెర కలిపి రెండు చెంచాలు పెట్టింది మేడం. మంచి పనికి పోతున్నం, నోరు తీపి చెయ్యాలె అని."

ఇవాళ కాదన్నమాట. ఆ మాట చెప్పగానే వసంత మంచం కడ్డీకి తల ఆనించి నేల మీద కూలబడింది. "మల్ల ఏడాదా మేడం" అంది. అరవలేదు, బతిమాలలేదు. అరిచినా బాగుండేది. డాక్టర్లు ఆ రాత్రికే హైదరాబాదు వెళ్లి విమానం ఎక్కుతారు. రెండు చెంచాలే కదా, అనుకుంది అంజుమ్. టిక్కు పెట్టింది.

కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు చెంచాలకు అలా అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. కావ్యకు అయింది. బిడ్డ పోయిందన్న మాట తల్లికి చెప్పాల్సిన పని కూడా అంజుమ్ మీదే పడింది. కారణం తెలియదంటున్నారని చెప్పింది. వసంత "పెరుగు" అంది. "నేనే పెట్టనిచ్చిన. నేనే సంపుకున్న."

అంజుమ్ నోరు విప్పలేదు. విప్పితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, నాన్న దుకాణంలో పటం దించాలి. భయపడింది. అంతకు మించి వేరే కారణం లేదు.

ఈ ఏడు రానని చెప్పాలనుకుంది గానీ, పిలిచినవాళ్లకు కాదని చెప్పడం ఆమెకు ఎన్నడు చేతనైంది గనుక? వచ్చింది. ఒక్కో తల్లిని మూడేసి సార్లు అడిగింది. బిస్కెట్టు ముక్క కొరికిన పిల్లవాణ్ని వాళ్ల నాన్న కాళ్లు పట్టుకున్నా సరే తిప్పి పంపింది. ఐదు రోజులు ఏ పొరపాటూ లేకుండా గడిచాయి.

ఆరో రోజు తెల్లవారుజాము. చలి. వార్డంతా ఫినాయిలు వాసన, దోమల చుట్ట పొగ, తల్లుల తలల్లోని కొబ్బరినూనె. పన్నెండు మంచాలున్నాయి. తలుపు పక్కన మొదటిది ఖాళీ. అందులో ఉండాల్సిన ఆత్మకూరు పిల్లవాడికి సాయంత్రం జ్వరం వస్తే ఇంటికి పంపేశారు. అంజుమ్ అటు చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ లేపుతూ వచ్చింది. పెట్టలేదు, పెట్టలేదు, పెట్టలేదు. పదకొండు టిక్కులు. పని అయిపోయింది. కాగితం మడుస్తుండగా కరెంటు పోయింది.

ఫ్యాన్లు వేసుకోని చలికాలం కాబట్టి ఎవరికీ మెలకువ రాలేదు. జనరేటరు వేయడానికి పది నిమిషాలు పడుతుంది. అంజుమ్ గోడ పట్టుకుని నిలబడింది. పిల్లల ఊపిరులు వినిపిస్తున్నాయి. మొర్రి ఉన్న పిల్లల ఊపిరిలో సన్నగా ఈల ఉంటుంది. ఒకటి, రెండు, మూడు... ఊరికే లెక్కపెట్టింది.

పన్నెండు.

మళ్లీ లెక్కపెట్టబోయింది. అప్పుడు వాసన వచ్చింది. పులిసిన పెరుగు. వారం రోజులు మూత పెట్టి మరిచిపోయిన గిన్నె తెరిస్తే వచ్చే వాసన. అది తలుపు పక్క మంచం వైపు నుంచి వస్తోంది.

మంచం కింద ఎవరో కూర్చుని ఉన్నారు. కడ్డీకి తల ఆనించి.

"మేడం... నేను. లింగాల వసంతను."

అంజుమ్ ఆ గొంతు గుర్తుపట్టింది. "నువ్వు... ఎప్పుడొచ్చినవ్?"

"ఒక్క మాట అడగనీకి ఒచ్చిన." గుసగుసగానే మాట్లాడుతోంది, పక్క పిల్లలు లేస్తారేమో అన్నట్టు. "రోజు రాత్రి అడుగుతది మేడం. అమ్మా, ఆకలైతుంది అని. నేను పెడ్తలేను. ఏడాది అయితుంది. ఒక్క చెంచ గూడ పెట్టలె. పెడ్తె మల్ల సచ్చిపోతదని భయం."

"వసంతా... పాప లేదమ్మా."

"తెల్సు మేడం. తెల్వకనా. అయినా అడుగుతది గద. మీరు సదువుకున్నోళ్లు. జర చెప్పుండ్రి. ఇగ పెట్టొచ్చా?"

మంచం మీద దుప్పటి ఉంది. సాయంత్రం తానే మడిచి పెట్టింది. ఇప్పుడు మడత లేదు. దాని కింద ఏదో చిన్నది ఒత్తిగిలింది. తడి పెదవులు చప్పరించిన చప్పుడు... ఆగింది... మళ్లీ.

అంజుమ్ చేతిలో ఫోనుంది. టార్చి వేయొచ్చు. బొటనవేలు కదల్లేదు.

"నేనే సంపుకున్న గద మేడం," అంది వసంత. "గది ఒక్కటి చెప్పుండ్రి. నేనేనా?"

నువ్వు కాదు, నేను. అంతే చెప్పాలి. చీకట్లో, ఎవరూ వినని చోట, ఈ ఒక్క మనిషికి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగింది. నోటి నుంచి వేరే మాట పడింది.

"అంత రాసిపెట్టి ఉంటది వసంతా. మనదేముంది."

దుప్పటి కింద నుంచి గొంతొకటి లేచింది. ముక్కుతో మాట్లాడినట్టు, మాట మాటలో కలిసిపోయి, మొర్రి పిల్లల గొంతు. ఏదో ఒక్క ముక్క. అదే ముక్క మళ్లీ మళ్లీ. అంజుమ్‌కు ఒక్క అక్షరం అందలేదు.

"ఏమంటుంది?" అంజుమ్ అడిగింది.

"దాని మాట నాకు తప్ప ఎవ్వలకు సమజ్ కాదు మేడం. నోరు గట్ల ఉండె గద." వసంత గొంతులో ఓదార్పు లాంటిది ఉంది. "ఈ పొద్దు మీకు గూడ సమజైతదంట."

లైట్లు వెలిగాయి. మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టినట్టే ఉంది. వాసన లేదు. పక్క మంచం తల్లి కళ్లు నులుముకుని, "ఎవలతోని మాట్లాడుతుండ్రు మేడం?" అని అడిగింది.

అంజుమ్ గేటు దాకా పరుగు లాంటి నడకతో వెళ్లింది. కాపలా ఉండే కురుమయ్య కంబళి కప్పుకుని చలి కాచుకుంటున్నాడు.

"లింగాలామె లోపలికి వచ్చిందా?"

"ఏడొచ్చింది మేడం? క్యాంపు షురూ అయిన కాంచి గా గోడ పక్కనే కూసుంటుంది. రమ్మన్న రాదు. రాత్రంత ఈడనే ఉంది, నా కండ్ల ముందట్నే." చేత్తో చూపించాడు.

గోడ పక్కన వసంత బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉంది. ఒడి ఖాళీ. ముప్పై అడుగుల దూరం కూడా లేదు. వెళ్లి చెప్పొచ్చు. అంజుమ్ రెండడుగులు వేసింది కూడా. అంతలో థియేటరు నుంచి బెల్లు మోగింది, మొదటి పిల్లను తెమ్మని. పని పిలిచింది కదా అని వెనక్కు తిరిగింది. పిలవకపోయినా తిరిగేదేమో, ఎవరికి తెలుసు.

మొదట వెళ్లింది ఆరేళ్ల ఆడపిల్ల. గంటలో బయటికి తెచ్చి పక్క గదిలో పడుకోబెట్టారు. మత్తు దిగేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, మూలుగుతారు. కొత్తగా కుట్టిన పెదవితో మాట రాదు. ఈ పిల్ల ఏడవలేదు. కళ్లు మూసుకునే, గుడిగంట కొట్టినట్టు స్పష్టంగా పలికింది.

"అమ్మ నీకు చెప్పింది గద."

ఆ గదిలో ఉండే విదేశీ నర్సు మురిసిపోయింది. "ఎంత చక్కగా మాట్లాడింది. ఏమంటోంది అంజుమ్?"

అంజుమ్‌కు పోయినేడు వసంత చెప్పిన పెరుగు మాట గుర్తొచ్చింది. "నీళ్లు..." అంది. "నీళ్లు అడుగుతోంది."

నర్సు దూది తడిపి పిల్ల పెదవులు అద్దింది.

రెండోది మగపిల్లవాడు. గొంతు మగపిల్లవాడిది కాదు. అదే పిల్ల గొంతు, అదే మాట. "అమ్మ నీకు చెప్పింది గద." ఏమంటున్నాడని అడిగింది నర్సు. నీళ్లే, అంది అంజుమ్.

మూడో పిల్ల రాయచూరు వైపు నుంచి వచ్చింది. ఇంటిల్లిపాదికీ కన్నడం తప్ప రాదు. ఆ పిల్లా లింగాల తెలుగులోనే అంది. వాళ్లమ్మ ఆశ్చర్యపోయి అంజుమ్ ముఖం చూసింది. అంజుమ్ గోడ వైపు చూసింది.

నాలుగు. ఐదు. ఆరు... ఒక్కరూ తప్పలేదు. ప్రతిసారీ నర్సు అడిగింది, ప్రతిసారీ అంజుమ్ నీళ్లంది. ఒకసారి ఆడిన అబద్ధాన్ని రెండోసారి ఆడకపోతే మొదటిది బయటపడుతుంది కదా.

మధ్యాహ్నానికి, ఆపరేషన్లు చేసే పొడుగు డాక్టరు టీ కప్పుతో బయటికి వచ్చాడు. మంచి మనిషి. ప్రతి ఏడూ ఇక్కడి నుంచి రెండు మూడు మాటలు నేర్చుకుని వెళ్లడం ఆయనకు సరదా. అంజుమ్ ముందు నిలబడి, నాలుక మడతపెట్టి, నవ్వుతూ పలికాడు.

"అమ్మా నీక్ చెప్పింది గదా. అంటే నీళ్లు కావాలని, అంతేనా?"

అంజుమ్ తల ఊపింది. ఆయన సంబరంగా ఆ మాటే అనుకుంటూ, కళ్లు తెరుస్తున్న ప్రతి పిల్ల దగ్గరా అదే అంటూ గదంతా తిరిగాడు. ఆయన ఎందుకలా అంటున్నాడో తెలియక తల్లులు నవ్వారు. ఇప్పుడైనా చెప్పాలి, ఈయనకు చెప్పాలి అనుకుంది అంజుమ్. చెప్పకుండానే వెళ్లి గది బయటి బెంచీ మీద కూర్చుంది. కిటికీలోంచి గేటు బయటి గోడ కనిపిస్తోంది. వసంత కదలకుండా అలాగే కూర్చుని ఉంది, ముఖం ఇటే పెట్టి.

పదిమంది అయ్యారు. ఇక మిగిలింది ఒక్కరు. ఖతీజాబీ అనే ముసలామె మనవడు. మామూలుగా పసివాళ్లనే ముందు తీసుకుంటారు గానీ, వాడి రక్తపరీక్ష కాగితం వనపర్తి నుంచి రావడం ఆలస్యమై చివరికి పడ్డాడు. లోపలికి తీసుకెళ్లేటప్పుడు అంజుమ్ వాణ్ని చూసి, కొన్ని గంటల్లో మొదటిసారి కొంచెం ఊపిరి పీల్చుకుంది. వీడితో అయిపోతుంది. సాయంత్రం బస్సు ఎక్కి ఇంటికి పోవచ్చు.

గంట గడిచింది. పొద్దు వాలింది. పక్క గది తలుపు తెరుచుకుంది.

ఈసారి అంజుమ్‌ను పిలవడానికి నర్సు రాలేదు. డాక్టరే వచ్చాడు. ముఖానికి మాస్కు ఇంకా ఉంది. వెనక తలుపు మెల్లగా మూశాడు. లోపల్నుంచి విదేశీ నర్సు ఏడుపు సన్నగా వినిపించి ఆగింది. ఖతీజాబీ బెంచీ మీంచి లేచి, "బచ్చా కైసా హై? బాగున్నడా?" అంది. డాక్టరు ఆమె వైపు చూసి, బాగున్నాడన్నట్టు తలూపాడు. కళ్లు మాత్రం అంజుమ్ మీదే ఉన్నాయి.

ఆమె ఏదో ఒకటి అనాలని లేచింది. నోరు తెరిచింది.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"వీడూ అదే మాట అన్నాడు. వీడికి ఐదు నెలలు, అంజుమ్," అన్నాడు. "నీళ్లెలా అడుగుతాడు?"