మంగళవారం మేనేజరుగారు

మంగళవారం పొద్దున్నే సీతారత్నం పనసపొట్టు ఆవకూర, కందబచ్చలి, ముద్దపప్పు వండేసి గారెలకు పిండి రుబ్బుతోంది. పండగా కాదు, పబ్బమూ కాదు. వస్తున్నది మేనేజరుగారు.

కొత్తపేటలో ఆవిడ పూతరేకులంటే తెలియనివాళ్లు లేరు. ఇంటి వెనక పాకలో నలుగురు ఆడవాళ్లతో మొదలైన పని రెండువేల మూడు వచ్చేసరికి హైదరాబాదు దాకా పాకింది. కొడుకు దుర్గాశ్రీనివాస్ ఒక్కడూ సంబాళించుకోలేక, బిస్కెట్ల ఫ్యాక్టరీలో జనరల్ మేనేజరుగా చేసి రిటైరైన సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిని రాజమండ్రి నుంచి పిలిపించాడు. వారానికి ఒక్కరోజు వచ్చి సలహా చెప్పి వెళ్లడం ఒప్పందం.

ఇన్నేళ్లు తను నడిపినదాన్ని పరాయి మనిషి చేతుల్లో పెడుతున్నాడని సీతారత్నం లోలోపల కుమిలిపోయింది. అయితే ఇంటికొచ్చినవాళ్లను పొమ్మనడం ఆవిడకు చేతకాదు. అందుకని పెట్టి పడుకోబెట్టేది. గారె మీద గారె, పైన గరిటెల కొద్దీ నెయ్యి. ఆయన పాపం విస్తరి ముందునుంచి లేచి పడక కుర్చీలో వాలితే, నాలుగింటి బస్సు హారను వినబడితేగాని మెలకువ వచ్చేది కాదు. వచ్చినప్పుడల్లా ఇదే వరస. సలహా మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

ఇవాళ కోడలు హారిక ఇక ఊరుకోలేకపోయింది.

“అత్తయ్యగారూ, ఆయన్ని పన్లోకి పెట్టుకున్నామా, అల్లుణ్ణి చేసుకున్నామా అండీ?”

“మర్యాద చెయ్యడం కూడా తప్పేనేంటమ్మా?”

“మర్యాద కాదమ్మా,” అన్నాడు శ్రీనివాస్. “ఆయన నోరు తెరవకూడదని నీ పంతం.”

“ఆయ్, పంతమే. పొయ్యి సెగకి చేతులు కాల్చుకుని నిలబెట్టేన్రా దీన్ని. పెద్దదయ్యేసరికి నేను పనికిరాకుండా పోయేనా?”

గుమ్మంలో దగ్గు వినిపించింది. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఎప్పుడొచ్చారో ఏమో. ముగ్గురికీ తల కొట్టేసినట్టయింది.

“విన్నానమ్మా, ఏమనుకోకండి. భోజనానికి ముందే ఒకమాట అడిగేస్తాను, తర్వాత నావల్ల కాదు. హైదరాబాదు కొట్టువాళ్లు దీపావళికి మూడింతల సరుకు అడుగుతున్నారు. అబ్బాయి ఒప్పుకుందామంటున్నారు. మీరేమంటారు?”

సీతారత్నం తెల్లబోయింది. ఆ సంగతి ఇంతవరకూ ఆవిడను ఎవరూ అడగలేదు.

“వద్దండి. తుఫాన్ల రోజులు, రేకు మెత్తబడిపోద్ది. హడావిడిగా చేసి పంపితే మన పేరు పోద్దండి. ముందు కొత్తవాళ్లకి పని నేర్పుకుని, మాఘమాసం పెళ్లిళ్లకైతే ఒప్పుకోవచ్చు.”

ఆయన శ్రీనివాస్ వైపు తిరిగారు.

“నేను వచ్చిన దగ్గర్నుంచీ చెబుదామనుకున్న సలహా ఇదొక్కటేనండీ. ముందు అమ్మగారిని అడగండి. ఆవిడ అనుకున్నది జరిగేలా ఏర్పాట్లు చెయ్యడం వరకే నా పని. అది మీకు అలవాటైన రోజున నేను మానేస్తాను.”

శ్రీనివాస్ తల్లి పక్కన చతికిలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “నీకు శ్రమ తప్పిద్దామనుకున్నానమ్మా. నిన్ను అడగాలని తోచనే లేదు.”

సీతారత్నానికి కన్నీళ్లు ఆగలేదు. పైటచెంగుతో తుడుచుకుంటూనే నవ్వేసింది.

“అప్పుడే మానేయడమేంటండి? వారానికి ఒక్కరోజు ఏం సరిపోద్ది? శుక్రవారం కూడా వచ్చెయ్యండి.”