జోకొట్టే ఎంజైమ్

బాబాయి గాజు గ్లాసులు కడిగి బల్ల మీద బోర్లిస్తుండగా తలుపు చప్పుడైంది. డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరిననాటి నుంచీ ఆయన్ని అందరూ బాబాయనే పిలుస్తారు. ఎవరైనా వచ్చి మరో గ్లాసు తీయవలసి వస్తే ఆయనకు లోలోపల పండగే.

వచ్చిన అమ్మాయి కూర్చోకుండానే అంది. "మా అక్కకి ఎవరో కీడు తలపెట్టారండీ."

"ముందు ఊపిరి పీల్చుకో తల్లీ," అంది డిటెక్టివ్. పోలీసు ఉద్యోగం వదిలి ఏళ్లయినా ఆమె ఇంకా అందరికీ ఇనస్పెక్టరమ్మే.

అమ్మాయి చెప్పుకొచ్చింది. అక్క ల్యాబ్‌లో టెక్నీషియన్. రొమ్ము క్యాన్సర్ గడ్డల్ని మైనంలో నిలిపి, పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద పరిచి రంగు పట్టించడం ఆమె పని. చివరికి ఆమెకే గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక స్లైడ్ మీద ముదురు గోధుమరంగు తేలిందనీ, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువనీ రిపోర్టు ఇచ్చారు. చెల్లెలు దూరాన వచ్చిన ఉద్యోగం వద్దనుకుని అక్క దగ్గరే ఉండిపోయింది. తీరా నిన్న డాక్టరు అదే గడ్డలోంచి మరో ముక్క కోయిస్తే రంగే పట్టలేదు.

"అక్కంటే గిట్టనివాళ్లు ఉన్నారా?"

"శత్రువులు లేరండీ." అమ్మాయి చేతిగుడ్డ మడతపెట్టింది. "స్నేహితులూ లేరు."

ఇద్దరూ ల్యాబ్‌కి వెళ్లేసరికి డాక్టరు నుదురు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇతగాడే దొంగని బాబాయి అప్పుడే తీర్పు చెప్పేసుకున్నాడు.

"మేం చూసేది ఎంజైముల్నండీ," అన్నాడు డాక్టరు. "గడ్డని పెంచే హార్మోన్ ఒంట్లో చాలావరకు నిద్రపోతూ తిరుగుతుంది. ఒక ఎంజైమ్ దాన్ని తట్టి లేపుతుంది, ఇంకోటి జోకొడుతుంది. లేపేది గడ్డలో ఎక్కువుంటే గోధుమరంగు వస్తుంది. అలాంటివాళ్లకి మందు గట్టిగా వెయ్యాలని మా అంచనా."

"మా ఇంట్లో లేపడానికి మా ఆవిడుండేది, జోకొట్టడానికి రేడియో," అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు. ఆవిడ పోయాక రేడియో కూడా మూగబోయింది.

"రెండోసారి ఎందుకు కోయించారు?" ఇనస్పెక్టరమ్మ అడిగింది.

"మన మనిషే కదండీ. మొదటిది తప్పయితే బాగుండునని ఆశ."

ఆమె రెండు స్లైడ్లనూ కిటికీ వెలుగులో ఒకదానికొకటి ఆనించింది. "ఒకే గడ్డలో ముక్కలు ఒకే అచ్చులో ఉండొద్దూ? దీనికి అంచున లోతైన నొక్కుంది. దానికి లేదే!"

డాక్టరు నోరు తెరిచాడు. "రంగు చూశాను గానీ..."

"ఏ స్లైడ్ ఎవరిదో మీకు తెలుసా?"

"రంగు చూసేటప్పుడు తెలియకూడదండీ. మొహమాటానికి పోతామని మాకు నంబర్లే ఇస్తారు. ఆ నంబర్లు వేసేది ఆ అమ్మాయి అక్కే. సెలవులో ఉండి కూడా తన గడ్డకి తనే వచ్చి వేసుకుంది."

"ఈ నొక్కున్న ముక్క ఎవరిదో వెతకండి. దొరగ్గానే వాళ్ల ఇంటికి రండి."

అక్క ఇంట్లో ముందుగది అద్దంలా ఉంది. ఒక మంచం, దాని పక్కనే నేల మీద ఒక చాప. ఆమె శాలువా కప్పుకుని కూర్చుంది.

"మీ రిపోర్టులో ఏదో పొరపాటుందమ్మా," అంది ఇనస్పెక్టరమ్మ. అంతకుమించి చెప్పలేదు.

అక్క తల దించుకుంది. "మరి ఆవిడకి మందు మొదలుపెట్టారా?"

తన బాధలోనూ పరాయి మనిషి మంచి చూసిందని బాబాయి మనసు కరిగింది. ఇనస్పెక్టరమ్మ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

చెల్లెలు, డాక్టరు వచ్చాక అందరినీ కూర్చోబెట్టింది. "స్లైడ్ కావాలనే మార్చారు. ఏ నంబరు ఎవరిదో డాక్టరుగారికి తెలీదు, కాబట్టి ఆయన కాదు. మీ రిపోర్టులో పొరపాటుందని మాత్రమే నేనన్నానమ్మా. రంగు చెడిందనుకోవచ్చు, స్లైడ్ పగిలిందనుకోవచ్చు. ఇందులో ఇంకో మనిషి ఉందని నేననలేదే! అయినా మీరు 'ఆవిడ' గురించి అడిగారు. నంబర్లు తారుమారు చేసింది మీరే."

"మా అక్కా?" చెల్లెలు లేచింది. "తనకి తనే కీడు చేసుకుంటుందా?"

"తనకి కాదమ్మా. ఆ రిపోర్టు నీకోసం."

"ఆవిడ దొరికింది," అన్నాడు డాక్టరు. "నీ మంచి రిపోర్టు చూసి మందు అక్కర్లేదని పంపేశాను. ఇందాకే ఫోన్ చేసి పిలిపించాను. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలమ్మా?"

అక్క చెల్లెలి వైపే చూస్తోంది. "పేరు చూడలేదు. చూస్తే చెయ్యలేననిపించింది. ఆపరేషన్ అయ్యాక నువ్వు ఆ చాప మీద పడుకునేదానివి. దగ్గితే చాలు, 'ఏంటక్కా' అని లేచేదానివి. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో! జబ్బు పోతే నువ్వూ పోతావనుకున్నాను."

చెల్లెలు లోపలిగది వైపు తిరిగింది.

"ఏదో ఒకటి అనవే. తిట్టవే."

చెల్లెలు లోపలికెళ్లి సంచీ తెచ్చుకుంది. జారిన శాలువాని అక్క భుజం మీదికి సర్దింది. అక్క ఆ చేతిని పట్టుకోబోతే మెల్లగా విడిపించుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.